తుది పలుకులును తొలి పలుకులును

గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమునకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చరిత్రమును నాటకముగా వ్రాసి పదవ తరగతి బాలురచే ఆడించితిని. చూచినవారికి కడపటి రంగము జ్ఞప్తి యుండును. ఉరికంబము క్రింద నిలిచిన నాయకుడు మెడకు త్రాడు పడుటకు ముందు దాదాపు ఆరు నిమిషములు ఉపన్యసించెను. దేశమాతను స్తుతించెను, తెల్లదొరలను శపించెను, రాబోవు తరములకు సందేశ మొసంగెను. సభ యంతయు చప్పట్లతో మ్రోగెను. తల్లులు కొందరు కొంగుతో కన్నీ రొత్తుకొనిరి. ఒక పెద్దమనిషి వేదిక యెక్కి ఆ బాలునకు నూటపదహారు రూపాయలు బహూకరించెను. రచయితనగు నేను ఆ రాత్రి కొంత గర్వముతోనే యిల్లు చేరితిని. దాచనేల?

మూడవనాడు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నా గది ద్వారముకడ నిలిచెను. నాటకము నాడు తెరవెనుక నిలిచి పాత్రధారులకు మాటలందించిన పిల్ల ఆమెయే. చేతిలో నా వ్రాతప్రతి యున్నది. "సారూ, గీ ఆఖరి మాటలు ఏ పుస్తకంల ఉన్నయి?" అని యడిగెను. "నేనే వ్రాసితినమ్మా" అంటిని. ఆమె కొంతసేపు ఆలోచించి, "మరి ఆయన నిజంగ ఏమన్నడు?" అనెను. నేను నోరు తెరచి మరల మూసికొంటిని. అంతటితో పోక ఆ పిల్ల మరియొక ప్రశ్న వేసెను: "మన పరకాలల కాల్చినప్పుడు సచ్చిపోయినోళ్ళు ఏమన్నరు సారూ?"

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు ఒక సూత్రము నేర్పిరి: విద్యార్థి ప్రశ్నకు సమాధానము తెలియనప్పుడు, "రేపు చెప్పెదను" అని చెప్పి, రేపు తప్పక చెప్పవలెను. ఆ రేపు నాకు ఒక సంవత్సరము పట్టినది. ఈ వ్యాసమే ఆ సమాధానము. ఇది ఆ బాలికకు మాత్రమే కాక, ఆనాడు చప్పట్లు చరచిన వారందరికిని చెప్పవలసిన మాట యని తోచి పత్రికలో వ్రాయుచున్నాను.

నరసింహారెడ్డిని గూర్చి స్థిరముగా తెలిసినది చాలినంత కలదు. 1846 జూలైలో అతడు తన యనుచరులతో కోయిలకుంట్ల ఖజానాపై బడెను. ఆ యక్టోబరులో పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయమున కోయిలకుంట్ల కడ కలెక్టరు కాక్రేను సమక్షమున రెండువేలమందికి పైగా జనులు చూచుచుండగా ఉరితీయబడెను. అతని శిరస్సును కోట బురుజుపై వ్రేలాడదీసిరి. అది 1877 వరకు, అనగా ముప్పది సంవత్సరములు, ఎండకును వానకును అక్కడనే యుండెను. ఆ ముప్పది యేండ్లలో పుట్టి, పెరిగి, పెండ్లియాడి, బిడ్డలను గన్నవారు ఆ దారిని సంతకు పోవుచు ఆ శిరస్సు క్రిందుగా నడచియుందురు. ఇంతటి క్రూరదృశ్యమును పాలకులు ఎందుకు నిలిపిరో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ తలనుండి వెడలిన కడపటి మాట మాత్రము ఏ దస్తరములోను నా కంటబడలేదు. కథకులు పాడుకొను పదములలో నున్నవి, నా నాటకములో నున్నవి, రెండును కల్పితములే.

ఇది కేవలము ఒక్క నరసింహారెడ్డి విషయము కాదు. మన తెలుగు నేలపై విఫలమైన తిరుగుబాటులను వరుసగా తలచుకొందుము. 1857 జూలై 17న హైదరాబాదులో రెసిడెన్సీపై దాడి నడపిన తుర్రేబాజ్ ఖాను పట్టుబడి ద్వీపాంతరవాస శిక్షకు పాత్రుడయ్యెను. 1859 జనవరిలో చెరనుండి తప్పించుకొని, ఆ నెలలోనే తూప్రాను ప్రాంతమున తుపాకిగుండ్లకు గురియయ్యెను. అల్లూరి సీతారామరాజును 1924 మే 7న కొయ్యూరు కడ చెట్టునకు కట్టి కాల్చిరి. అతనికి న్యాయస్థానమును లేదు, తీర్పును లేదు. నిర్మలలో రాంజీ గోండుతో కూడ వేయిమందిని ఒక్క మఱ్ఱికి ఉరితీసిరని జనులు చెప్పుకొందురు. ఆ చెట్టును వేయి ఉరుల మఱ్ఱి యనిరి. సంఖ్య యెంతయైనను, ఆ మఱ్ఱిక్రింద మూగవోయిన నోళ్ళలో ఒక్కదాని మాటయైనను నిలిచి మనదాక రాలేదు.

ఏల రాలేదు? కారణము మిక్కిలి సామాన్యమైనది. ఉరి తీసినవారే వ్రాసిపెట్టువారు. వారి కలము ఖర్చును వ్రాయును, కావలి సిపాయిల సంఖ్యను వ్రాయును, గుంపు అల్లరి చేసెనా లేదా యని వ్రాయును. చచ్చువాడు తెలుగుననో గోండుభాషలోనో ఏదో పలికినచో, దాని నాంగ్లములోనికి మార్చి పై యధికారికి పంపవలసిన యగత్యము ఆ గుమాస్తాకు లేదు. చూడవచ్చిన రెండువేలమందికి చెవులుండెను గాని, చెవినబడినది కాగితమున పెట్టు చదువు వారిలో బహుకొద్దిమందికే యుండియుండును.

చదువున్న దేశములలో నైనను స్థితి మనమనుకొనునంత మేలుగా లేదు. 1803లో ఐర్లండున ఒక్క రాత్రిలో అణగిపోయిన తిరుగుబాటునకు నాయకుడైన రాబర్ట్ ఎమ్మెటు, మరణదండనకు ముందు న్యాయస్థానమున చేసిన ప్రసంగము ప్రపంచ ప్రసిద్ధము. తన దేశము స్వతంత్రమగువరకు తన సమాధిపై నేమియు వ్రాయవలదని అతడు కోరెనందురు. ఆ ప్రసంగపాఠములు ఒకటి కాదు, అనేకములు కలవు, ఒకదానికొకటి సరిపోవు. ఏ వాక్యము అతనిది, ఏది అతని మిత్రులది, ఏది శత్రువులదియని పండితులు నేటికిని వాదులాడుచున్నారు.

అమెరికాలో బానిసత్వమును కూలద్రోయుటకై ఆయుధము పట్టి ఓడిన జాన్ బ్రౌను కథ యింకను విచిత్రము. 1859 డిసెంబరు 2న అతనిని ఉరితీయుటకు తీసికొనిపోవుచుండగా, దారిలో ఒక నీగ్రో తల్లి యెత్తుకొనిన బిడ్డను అతడు ముద్దాడెనని ఒక వార్తాపత్రిక వ్రాసినది. కవులు దానిని పద్యములు చేసిరి; చిత్రకారులు చిత్రములు వ్రాసిరి; గోడలపై ఆ పటములు వ్రేలాడినవి. అది జరుగలేదు. దారి పొడవునను సైనికులు తప్ప సామాన్యజనులను దరిజేరనీయలేదు. జరిగినది మరియొకటి: చెరసాల విడుచునప్పుడు అతడు కావలివాని చేతికి ఒక చిన్న చీటి నిచ్చెను. ఈ దేశపు పాపములు రక్తము లేక కడుగబడవని తనకిప్పుడు నిశ్చయమైనదని దానిలో వ్రాసియుండెను. రెండేండ్లు నిండకముందే ఆ దేశమున అంతర్యుద్ధము మొదలై లక్షలమందిని బలిగొన్నది. ముద్దు కథ మనసును మెత్తపరచును, చీటి భయపెట్టును. జనులు ముద్దునే యెంచుకొనిరి. గతసంవత్సరము నేను చేసినదియు నదియే.

క్రైస్తవుడనగుటచే ఇచ్చట ఒక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. సిలువపైని ఏడు మాటలను ప్రతి శుభశుక్రవారమునను ధ్యానించుచున్నాము. ప్రభువునకు ఇరుప్రక్కల సిలువవేయబడిన ఇరువురను బందిపోటు దొంగలని మన బైబిలు చెప్పుచున్నది. మూల గ్రీకుభాషలోని ఆ మాటను, రోమా ప్రభుత్వముపై తిరుగబడి కొండలు పట్టినవారి విషయమున ఆ కాలపు చరిత్రకారుడు జోసీఫసు సైతము వాడెను. వారును ఒక విధముగా ఓడిన తిరుగుబాటుదార్లే కావచ్చును. వారేమి పలికిరి? మత్తయి, మార్కు వారిద్దరును నిందించిరనుటతో సరిపుచ్చిరి. యోహాను వారి నోట ఒక్క మాటయు పెట్టలేదు. లూకా యొక్కడే వారిలో ఒకని విన్నపమును మనకందించెను. నలుగురు వ్రాసినచోటనే ఒక్కరికి వినబడినది ముగ్గురి గ్రంథములలో లేకపోయినది. ఒక్కరును వ్రాయని చోట ఏమి మిగులును? నాలుగు సువార్తలను ఒక్కటిగా కుట్టివేయక, భేదములతోనే మన పూర్వులు భద్రపరచిరి. ఆ నిజాయితీ నాటకకర్తనగు నాకు లేకపోయెను.

మా తెలుగు పండితులకు ఈ వాదము నచ్చలేదు. ఉపాధ్యాయుల గదిలో తేనీరు త్రాగుచు వారిట్లనిరి: "మాష్టారూ, బుఱ్ఱకథ చెప్పువాడు సీతారామరాజు నోట ఎన్ని మాటలు పలికించలేదు? ఆ మాటలు లేకున్న మన పల్లెలలో ఆ వీరుని పేరైనను నిలిచియుండునా? మీరు సాక్ష్యమడుగుచున్నారు, ప్రజలు పాట నడుగుచున్నారు." ఈ యాక్షేపణలో బలము కలదు. ప్రభుత్వపు దస్తరములు మూగపోయినచోట పాటయే జ్ఞాపకమును మోసినది. దానికి నేను నమస్కరించుచున్నాను. అయితే బుఱ్ఱకథ వినువానికి అది పాట యని తెలియును. గుమ్మెట మ్రోగగనే అతడు సత్యమునకును పాటకును నడుమ నున్న గట్టును తెలిసియే దాటును. పాఠశాల వేదిక అట్టిది కాదు. బడిలో విన్నది నిజమని పిల్లలు నమ్ముదురు. నమ్మి పరీక్షలో వ్రాయుదురు. నా శిష్యు డొకడు మొన్న సాంఘికశాస్త్ర పరీక్షలో, ప్రశ్న యడుగకున్నను, నా నాటకములోని నాలుగు వాక్యములు నరసింహారెడ్డి పలుకులుగా ఉల్లేఖించెను. ఎఱ్ఱసిరాతో కొట్టివేయుటకు చేయి రాలేదు. తప్పు వానిది కాదు గదా!

కల్పిత ప్రసంగమువలన మరియొక కీడు కలదు. అది మరణమును సులభము చేయును. ఆరు నిమిషములు అందముగా మాటలాడి, చప్పట్ల నడుమ చచ్చుట కష్టమని ఏ బాలుడు తలచును? ఉరికంబము నెదుట నోరెండిపోవునని, మాట పెగలదని, పెగలినను భార్యనో బిడ్డలనో గూర్చిన సామాన్యపు మాటయే వెడలవచ్చునని మేము చెప్పము. ఉపన్యసింపని వాడు వీరుడు కాడేమోయను తలంపు పిల్లలలో నాటుకొనును. మాటకారులకు దండలు, మూగవారికి మరపు. ఇది బడిలోను జరుగుచున్నదే. అయినను ఆ సంగతి మరియొకప్పుడు.

ఇక నిజముగా నిలిచిన మాటలు చూతము. అవి ఎట్లుండును? భగత్‌సింగును అతని సహచరు లిరువురును 1931 మార్చిలో, ఉరికి కొలది దినములముందు, పంజాబు గవర్నరునకు ఒక లేఖ పంపిరి. రాజుపై యుద్ధము చేసితిరని మీ న్యాయస్థానమే తీర్పు చెప్పినది గనుక మేము యుద్ధఖైదీలము. మమ్ము ఉరితీయక సైనికులచే కాల్పించుడని దాని సారాంశము. కంఠమెత్తిన కేక కాదది. వకీలు వలె వ్రాసిన వాదము. మార్చి 23న వారిని ఉరియే తీసిరి. సీతారామరాజు పలుకులలో మనకు నిక్కముగా దక్కినవి ఏవి? 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలనుండి తాను తీసికొనిపోయిన తుపాకుల, తూటాల లెక్కను వ్రాసి, సంతకము చేసి, ఠాణాలో విడిచిపోయిన కాగితములు. మిరపకాయ టపా యని ముందుగా కబురంపుటయు అతని పద్ధతి. దొంగిలించితిననుకొనకుడు, లెక్క యిదిగో యని చెప్పిన మనుష్యుని కంఠస్వరము ఆ పట్టీలో వినబడును. నాకు ఏ ప్రసంగముకన్నను ఆ జాబితాయే ప్రియమైనది. తుర్రేబాజ్ ఖాను విషయములోనో, మౌల్వీ అలాఉద్దీను ఎక్కడ దాగెనో చెప్పుమన్నప్పుడు అతడు చెప్పలేదని కథనము. అతనినుండి మనకు చేరినది ఒక మౌనము.

ఈ విధముగా వెదకుచు పోగా నాకు మెల్లగా ఒక సంగతి తేటపడినది. నేను తప్పు చివరను వెదకుచున్నాను. ఓడిన తిరుగుబాటుదారుని కడపటి మాట దొరకదు. మొదటి మాట దొరకును. అది సాధారణముగా ఒక అర్జీ. అది గాలిలో పోదు. ఏలయన అడిగినది డబ్బో భూమియో గనుక, నిరాకరించుటకైనను గుమాస్తా దానిని వ్రాసికొనక తప్పదు.

నరసింహారెడ్డికి కుంఫిణీ ప్రభుత్వము ఇయ్యవలసిన తవర్జీ, అనగా పాలెగాండ్ర వంశీకుల భరణము, నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. దానికొరకు కబురంపగా తహసీలుదారు అవమానకరముగా ప్రత్యుత్తరమిచ్చెనని జనశ్రుతి. దానికి తోడు కట్టుబడి బంట్రోతుల మాన్యములను సర్కారు కలుపుకొనుచుండెను. పొట్టగొట్టబడిన వారందరు అతనిచుట్టు చేరిరి. విచిత్రము చూడుడు! ఆ మనుష్యుని తుదిపలుకును ఎవ్వరును వ్రాసికొనలేదు గాని, అతనికి రావలసిన ఎనిమిది పైసలు మాత్రము లెక్కలో భద్రముగా నున్నవి.

మన్యములోను ఇంతియే. 1882 నాటి అటవీచట్టము పోడువ్యవసాయమును నేరము చేసినది. గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను దారులు వేయించుటకు కొండవారిని పనికి ఈడ్చి, కూలి సరిగా నియ్యలేదు. ఫిర్యాదులు వెళ్ళినవి, వినినవారు లేరు. ఆదిలాబాదు కొండలలో కుమరం భీము 1940లో జోడేఘాటున పోలీసు తుపాకులకు నేలకొరగెను. అంతకుముందు తన జనుల భూములకొరకు అతడు సర్కారునకు మొరపెట్టుకొని విసిగెను. ఆ నెత్తురు పారిన పిమ్మటనే నిజాము ప్రభుత్వము హైమెండార్ఫు అను మానవశాస్త్రజ్ఞుని సహాయము పొంది, గోండుల కష్టములను కాగితమున పెట్టించి, పట్టాలకును మార్లవాయి మొదలైన చోట్ల బడులకును పూనుకొన్నది. భీము బ్రదికియుండగా ఒక్క అధికారి చెవియొగ్గినచో, అతని చావును గూర్చి మనము నాటకములు వ్రాసికొనవలసిన పని యుండకపోవును.

తుది పలుకు అక్కరలేకపోయిన ఒక కథ మన జిల్లా పొరుగుననే కలదు. పిల్లలకు దీనిని ముఖ్యముగా చెప్పవలెను. తెలంగాణ రైతాంగ పోరాటమున పట్టుబడిన పండ్రెండుగురకు 1949లో ప్రత్యేక ట్రిబ్యునళ్ళు మరణశిక్ష విధించినవి. జనగామ తాలూకా నాయకుడు నల్లా నర్సింహులు వారిలో నొకడు. గొలుసులతో నిలిచిన ఫొటోవలన లోకమెరిగిన ఎర్రబోతు రాంరెడ్డి, మన పదవ తరగతి పిల్లల యీడువాడు, మరియొకడు. ఆ డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు వారి అప్పీళ్ళను త్రోసివేసినది. 1950 జనవరి 26న మన రాజ్యాంగము అమలులోనికి రాగా సుప్రీంకోర్టు తలుపు తట్టుటకు వీలు కలిగెను. లండనునుండి డి. ఎన్. ప్రిట్ అను సుప్రసిద్ధ న్యాయవాది వారి పక్షమున వాదించుటకు వచ్చెను. డేనియల్ లతీఫీ తోడయ్యెను. విచారణలో తమ తరఫున మాటలాడుటకు వకీలు లేకుండిననియు, అట్టి విచారణ న్యాయము కాదనియు వారి వాదములలో ముఖ్యమైనది. 1951లో సుప్రీంకోర్టు ఆ వాదము నంగీకరింపలేదు. అయినను దేశవిదేశములలో పుట్టిన ఆందోళన వృథా కాలేదు. తుదకు ఆ ఉరిశిక్షలు యావజ్జీవ కారాగారముగా మార్చబడినవి. నల్లా నర్సింహులు విడుదలయై, బహుకాలము జీవించి, తన యనుభవములను స్వయముగా గ్రంథము వ్రాసెను. ఉరికంబముకడ అతడేమి పలికియుండునోయని ఊహించుటకు మనకు అవకాశమే లేదు. అతడే కూర్చుండి తన జీవితము నంతయు చెప్పెను. మన్యపు పోరాటములోని గాం మల్లుదొరయు నట్లే అండమాను చెరననుభవించి వచ్చి, 1952లో లోక్‌సభ సభ్యుడయ్యెను.

అందరికిని ఆ భాగ్యము కలుగలేదు. ఆదిలాబాదు జిల్లాకు చెందిన భూమయ్య, కిష్టాగౌడు అను ఇరువురు నక్సలైటు ఖైదీలను 1975 డిసెంబరు 1న, ఎమర్జెన్సీ చీకటిలో, ముషీరాబాదు చెరసాలలో ఉరితీసిరి. వారి ప్రాణములు నిలుపుటకు న్యాయవాదులును ప్రజలును చేసిన ప్రయత్నములు ఫలింపలేదు. వారి మార్గము నాకు సమ్మతము కాదు. హత్యను ఏ పేరు పెట్టి పిలిచినను ఆరవ యాజ్ఞ మారదు. ఆ యాజ్ఞ ప్రభుత్వపు చేతికిని వర్తించునని నా నమ్మకము. ఈ విషయమున నాతో ఏకీభవింపని తలిదండ్రులు ఉందురని యెరుగుదును. వారు నాకు జాబు వ్రాయవచ్చును.

ఇక బాలిక రెండవ ప్రశ్న. 1947 ఆగస్టు 15న దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినను మన హైదరాబాదు సంస్థానమునకు రాలేదు. సెప్టెంబరు 2వ తేదీన చుట్టుపట్ల గ్రామములనుండి జనులు త్రివర్ణపతాకమును ఎగురవేయుటకు పరకాలకు వచ్చిరి. నిజాము పోలీసులును రజాకారులును కాల్పులు జరిపిరి. 20 మందికి పైగా మరణించిరి. గాయపడినవారు అంతకు ఎన్నో రెట్లు. 2003లో వారి జ్ఞాపకార్థము మన ఊరిలో అమరధామము నెలకొల్పబడినది. దానిని మీరందరు చూచియున్నారు. బస్సుకొరకు నిలిచినప్పుడు దాని నీడలో వేరుసెనగలు తినినవారును మీలో కలరు. నేను తప్పు పట్టుటలేదు.

ఆ చనిపోయినవారు ఏమనిరి? అమ్మా, కాల్పులలో కూలినవానికి ప్రసంగము చేయు తీరిక యుండదు. దాహమనియుందురు, ఇంటివారి పేరు పిలిచియుందురు. అదియు నా యూహయే గనుక అంతటితో విడిచెదను. వారు పలుకదలచినది మాత్రము స్పష్టము. అది వారు పలుకుటకు ముందే చేతిలో పట్టుకొని వచ్చిరి. మూడు రంగుల గుడ్డ. దానికి ప్రత్యుత్తరమిచ్చుటకు ఎదుటివారికి మాటలు కొరవడి తుపాకులు వచ్చినవి. పదునొకండు రూపాయల తవర్జీ, పోడుకొండ, కూలిడబ్బు, పట్టా కాగితము, ఈ జెండా, ఇవన్నియు ఒక్క వరుసలోనివి. వీటిని నేను బోధించియుండవలసినది. వీటిని విడిచి ఉరికంబముకడకు పరుగెత్తితిని.

ఈ సంవత్సరము ఆ నాటకమునే తిరుగవ్రాసితిని. కడపటి రంగమున నరసింహారెడ్డి పాత్రకు ఒక్క మాటయు లేదు. అతడు నడచివచ్చి నిలుచును, గుంపులోని ఆడువారు ముఖము త్రిప్పుకొందురు, దీపములారును. దానికి మారుగా మొదటి రంగమును పెంచితిని. తవర్జీకొరకు వచ్చిన దూతను తహసీలుదారు కచేరీ అరుగుపై ఉదయమునుండి సాయంకాలమువరకు కూర్చుండబెట్టుటయే ఆ రంగము. దూత మూడుమార్లు అడుగును. మూడుమార్లును గుమాస్తా రేపు రమ్మనును. ఇదియు నా కల్పనయే గనుక, తెర లేచుటకు ముందు ఆ బాలికచేతనే సభకు చెప్పించుచున్నాను: ఇందులో రూపాయల లెక్క దస్తరములోనిది, మాటలు మా సారువి.

పాత్రధారి తండ్రి ఒకనాడు వచ్చి, "మావాడు హీరో యంటిరి. చివరికి వానికి డైలాగే లేదేమి?" అని కొంత కోపముతోనే యడిగెను. గతసంవత్సరము నూటపదహారులు వచ్చిన సంగతి ఆయన మరువలేదు. నేను ఏమేమో చెప్పితిని. ఆయన ఒప్పుకొని వెళ్ళెనని చెప్పజాలను. కుమారునికి మాత్రము వేరొక చింత పట్టుకొన్నది. "సారూ, పది అణాల ఎనిమిది పైసలంటే ఎంత? ఎనిమిది పైసలు ఎక్కడి లెక్క?" అని తరగతిలో లేచి యడిగెను. నల్లబల్లపై వ్రాయించితిని: అణాకు పండ్రెండు పైసలు, రూపాయికి పదునారు అణాలు. పిల్లలు భిన్నములు వేసి, కొట్టివేసి, మరల వేసిరి. ఎనిమిది పైసలు అణాలో మూడింట రెండు వంతులు. పది అణాల ఎనిమిది పైసలు రూపాయిలో మూడింట రెండు వంతులు. తెరవెనుక మాటలందించు ఆ బాలిక చేయి ఎత్తెను. "సారూ, గిది ముప్పై అయిదు రూపాయలల సరిగ్గ మూడో వంతు. ఎవరో ముగ్గురు పంచుకున్నట్టున్నరు."

ఆ ముగ్గురును ఎవరని తరగతి యంతయు ఒక్కసారిగా అడుగ మొదలిడెను. గంట మ్రోగినను ఎవ్వరును లేవలేదు.